నట్టల మందుతో పాలరోగం పోదు

పాలరోగానికి గొర్రెల నట్టల మందు ఐవర్‌మెక్టిన్‌ను ఆకు మీద కొడితే తగ్గుతుందంట అని మనలో కొందరు అంటున్నారు. పంట పోతుందనే భయం నాకూ తెలుసు. కానీ ఒక్క మాట ఆలోచించండి. ఆ మందు నట్టల్నే కాదు, పేలనూ చంపుతుంది. పేనూ కీటకమే, మన పట్టుపురుగూ కీటకమే. రోగం కంటే ముందు పురుగే పోతుంది!

కరోనాప్పుడు మనుషులూ ఇదే మందు మింగారు. పెద్ద పరీక్షల్లో పని చెయ్యలేదనే తేలింది.

పాలరోగం వైరస్‌తో వచ్చేది. పట్టిన పురుగును బాగు చేసే మందు లేదు, రాకుండా చూసుకోవడమే దారి. ఉబ్బిన పురుగు తోలు చిట్లితే కారే పాలలోనే వైరస్ ఉంటుంది. కాబట్టి చిట్లక ముందే ఏరి, సున్నం కలిపిన బ్లీచింగ్ నీళ్లలో వెయ్యండి. పంట తీయగానే 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లతో షెడ్డు, తట్టలు తడపండి. పురుగులు జ్వరం నుంచి లేచాక, మేత వేసే ముందు విజేత పొడి చల్లండి.

నట్టల మందుకు పెట్టే దుడ్డు బ్లీచింగ్‌కు పెడదాం. గొర్రెల మందు గొర్రెలకే ఉండనీ.