ఆరోగ్య దీపిక: గాజు కన్ను గాజుది కాదు!



రాస్ లఫాన్ ప్లాంటులోకి వెళ్ళేవారు హెల్మెట్‌తో పాటు సేఫ్టీ గ్లాసెస్ కూడా పెట్టుకోవాల్సిందే. "అవి ఎందుకు నాన్నా?" అని పిల్లలు అడుగుతుంటారు. ఎందుకో ఈసారి చెప్పుకుందాం.

నేత్రదానంతో వచ్చే కన్ను మొత్తాన్ని ఇంకొకరికి పెడతారని చాలామంది అనుకుంటారు. నిజానికి చూపు కోసం అమర్చేది కంటి ముందుండే కార్నియా అనే పారదర్శకమైన పొరనే. దెబ్బ తగిలో, కేన్సర్ వచ్చో కన్నే తీసేయాల్సి వస్తే, డాక్టర్లు పోయిన చూపు తేలేరు గానీ రూపు తేగలరు.

ఈ ప్రయత్నం చాలా పాతది. మనకు సముద్రం అవతలే ఉన్న ఇరాన్‌లో, షహ్ర్-ఎ-సుఖ్తే అనే చోట 2006లో ఒక స్త్రీ అస్థిపంజరం బయటపడింది. సుమారు 4,800 ఏళ్ళ కిందటి ఆ మనిషి కంటి గూటిలో తారు, కొవ్వు కలిపిన ముద్దతో చేసిన కన్ను ఉంది! దానిమీద సన్నని బంగారు తీగలు కూడా ఉన్నాయి.

తర్వాత గాజు వచ్చింది. జర్మనీలోని లౌషా గ్రామంలో 1835లో లుడ్విగ్ ముల్లర్-ఉరి మొదలుపెట్టిన గాజు కళ్ళ పని ప్రపంచమంతా పేరు పొందింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోయేసరికి, అమెరికా సైన్యంలోని దంతవైద్య విభాగం వారు పెట్టుడు పళ్ళకు వాడే అక్రిలిక్‌తోనే కళ్ళు చేశారు. ఇప్పుడు మనం గాజు కన్ను అంటున్నది చాలావరకు ఆ అక్రిలిక్కే. కింద పడినా గాజులా పగిలిపోదు.

పిల్లలూ, పెట్టుడు కన్ను గోళీలా ఉంటుందనుకుంటున్నారా? కాదు. ఇందులో రెండు భాగాలుంటాయి. కంటి గూటి లోపల ఆపరేషన్ చేసి పెట్టే గుండ్రని బంతి ఇంప్లాంట్. పైకి కనిపించేది చిన్న చిప్పలాంటి తొడుగు. బంతిని అక్రిలిక్, సిలికోన్, సముద్రపు పగడం నుంచి తీసిన హైడ్రాక్సీఅపటైట్, సన్నని రంధ్రాలున్న పాలిథిలీన్ వంటి వాటితో చేస్తారు. రంధ్రాలుంటే మన రక్తనాళాలు అందులోకి అల్లుకుపోతాయి.

పాలిథిలీన్ పుట్టేది ఇథిలీన్ నుంచి. గ్యాస్‌లోని ఈథేన్‌ను ఇథిలీన్‌గా మార్చే పెద్ద క్రాకర్ 2010లో మన రాస్ లఫాన్‌లోనే మొదలైంది. ఆ ఇథిలీన్ పైపులో మెసయీద్‌కు వెళ్ళి పాలిథిలీన్ అయ్యేది. కంటి గూటిలో ఉండే బంతిదీ ఆ కుటుంబమే!

మన హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో ఈ కళ్ళు ఎవరికి తగ్గట్టు వారికి తయారవుతాయి. ఇలాంటి కన్ను చేయడానికి ముందు కంటి గూటి అచ్చు తీసుకుంటారు. రెండో కంటిని చూస్తూ కనుపాపకు రంగులు వేస్తారు. తెల్లగుడ్డు మీది రక్తనాళాల కోసం సన్నని ఎర్ర దారపు పోగులు అతికిస్తారు.

పసిపిల్లలకు కన్ను తీసేస్తే ఆ చోటు ఖాళీగా వదలకూడదు. లోపల బంతి లేకపోతే ఆ వైపు ఎముక సరిగా ఎదగదు. పిల్లలు పెరిగేకొద్దీ తొడుగు మార్పించాలి. స్పిరిట్‌తో తుడిస్తే అక్రిలిక్ పాడవుతుంది. సబ్బు, నీళ్ళు చాలు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో పాప కనుపాప తెల్లగా మెరిస్తే, సెలవుల్లో ఇండియా వెళ్ళేదాకా ఆగకండి. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. అది రెటినోబ్లాస్టోమా అనే కంటి కేన్సర్ గుర్తు కావచ్చు. త్వరగా గుర్తిస్తే ప్రాణంతో పాటు చాలాసార్లు కంటినీ కాపాడవచ్చు.

చిన్నారులూ! మీ క్లాసులో ఒంటికన్నుతో చూసే నేస్తం ఉంటే వింతగా చూడకండి. చూపున్న వైపు నిలబడి మాట్లాడండి. బంతి విసిరేముందు పేరు పెట్టి పిలవండి. దీపావళికి టపాసులు కాల్చేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోవడం మరిచిపోకండేం!

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.