ఒక్కరోజు ఆటల పోటీలు మనకు చాలవు



వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టళ్లలో ఆటల హడావుడి మొదలవుతుంది. గ్రౌండులో సున్నం గీతలు పడతాయి. పరుగు పందెం, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అన్నీ ఒకటి రెండు రోజుల్లో అయిపోతాయి. గెలిచినవాడికి స్టీలు గిన్నె, ఓడినవాడికి చప్పట్లు. మర్నాడు వాలీబాల్ నెట్టు స్టోర్ రూములోకి వెళ్తుంది. మళ్లీ అది వెలుగు చూసేది వచ్చే వార్షికోత్సవానికే.

ఈ పద్ధతి మీద మా అభిప్రాయం చెప్పదలచుకున్నాము. ఒక్కరోజు పోటీ పెడితే ఆ రోజు ఎవరు బాగా ఆడారో తెలుస్తుంది. ఎవరు ఆటగాళ్లు కాగలరో తెలియదు. అది తెలియాలంటే మనకు ఒక సీజన్ కావాలి.

సీజన్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. మన అమలాపురంలో 2000 ఆగస్టు 13న పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆడిన షటిల్ సీజన్‌ను చూద్దాం. ఆ ఏడాది గురించి మనమంతా గొప్పగా చెప్పుకునేవి కొన్ని ఉన్నాయి. ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిచిన, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కిన స్మాష్. అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. అక్టోబరు 10న డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. ఇవన్నీ పేపర్లలో ఫొటోలతో వచ్చిన రోజులు. మరి ఫొటోలు రాని రోజుల మాటేమిటి?

జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్. అంతకుముందు ఏడాది వారే విజేతలు. ఈసారి సాత్విక్‌కు గాయమై మధ్యలోనే తప్పుకున్నారు. మార్చిలో ఆల్ ఇంగ్లండ్‌లో రెండో రౌండులో ఓడారు. అదే నెలలో స్విస్ ఓపెన్ గెలిచారు. ఏప్రిల్ 30న దుబాయ్‌లో ఆసియా చాంపియన్లయ్యారు. ఆ పోటీలో 1965లో దినేశ్ ఖన్నా గెలిచిన తర్వాత 58 ఏళ్లకు మన దేశానికి వచ్చిన స్వర్ణం అది. జూన్ మొదట్లో సింగపూర్‌లో మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టారు. రెండు వారాలు తిరగకముందే, జూన్ 18న, జకార్తాలో ఇండోనేసియా ఓపెన్ గెలిచారు. సూపర్ 1000 స్థాయి టైటిల్ గెలిచిన మొదటి భారత డబుల్స్ జంట వారే. జులైలో కొరియా ఓపెన్ గెలుపు. ఆగస్టులో కోపెన్‌హేగెన్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్లో ఓటమి. సెప్టెంబరులో చైనా ఓపెన్‌లో మళ్లీ మొదటి రౌండు ఓటమి. ఆ తర్వాత నెల తిరిగేసరికి ఆసియా క్రీడల స్వర్ణం.

మన ఒక్కరోజు పద్ధతిలో అయితే ఏమయ్యేది? సింగపూర్‌లో ఓడిన రోజునే పేరు కొట్టేసి, ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అనేవారం. వారికి రెండు వారాల్లోనే మరో అవకాశం ఎదురుగా ఉంది. ఓటమి నుంచి నేర్చుకున్నది మరిచిపోకముందే మళ్లీ కోర్టులో నిలబడగలిగారు. సీజన్ చేసే మేలు అదే.

ప్రపంచ ర్యాంకు లెక్క కూడా మనం నేర్చుకోదగినదే. గడచిన 52 వారాల్లో ఆడిన పోటీల్లో మంచి ఫలితాలు 10 తీసుకుని పాయింట్లు కూడుతారు. మొదటి రౌండులో ఓడినా కొన్ని పాయింట్లు వస్తాయి. ఒక వారం కాలు బెణికినా, జ్వరం వచ్చినా ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరు కాదు.

ఇలాంటి నీతి చెప్పే ఆట మరొకటి ఉంది. హైదరాబాద్ మాల్స్‌లో టెన్‌పిన్ బౌలింగ్‌ను మన అన్నల్లో కొందరు చూసే ఉంటారు. అమెరికాలో దానికి 1958లోనే వృత్తి ఆటగాళ్ల సంఘం ఏర్పడింది. వారూ సీజన్ పొడవునా ఒక పోటీ తర్వాత మరో పోటీ ఆడతారు. ఆ ఆటలో ఒకే బంతికి పది పిన్నులూ పడితే స్ట్రైక్ అంటారు. చిత్రమేమంటే ఆ స్ట్రైక్ విలువ అప్పటికప్పుడు తేలదు. తర్వాత వేసే రెండు బంతులకు ఎన్ని పిన్నులు పడితే అన్ని పాయింట్లు దానికి కలుస్తాయి. వరుసగా 12 స్ట్రైకులు వేస్తేనే పూర్తి 300 వస్తుంది. ఒక్క మంచి బంతి వేసి కూర్చున్నవాడికి పెద్దగా ఏమీ మిగలదు. స్టీలు గిన్నె తీసుకుని కూర్చున్న మన పరిస్థితీ అంతే కదా!

అసలు విషయానికి వద్దాం. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా, తల్లి కూడా ఉపాధ్యాయురాలిగా పనిచేశారు. 2014లో సాత్విక్ హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. అతని కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఆట తెలిసిన ఇల్లు దొరకడం మాత్రం ఎంతో మేలు చేసింది. మనలో చాలామంది నాన్నలు కొబ్బరి దింపుకో, ఒలుపుకో, కోతలకో వెళ్తారు. కొందరి అమ్మలు కువైట్‌లో ఉన్నారు. మనల్ని తెల్లవారుజామున లేపి గ్రౌండుకు తీసుకెళ్లేవారు ఇంటి దగ్గర లేరు. ఆ ఇల్లు మనకు హాస్టలే కావాలి.

మనవాళ్లకు చేతకాదనేవారికి ఒక్క మాట. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి పధ్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో దశలవారీగా నెలల తరబడి శిక్షణ ఇచ్చాకే వారిని పంపారు. ఒక్కరోజు పరుగు పందెం పెట్టి ఉంటే ఆ ఇద్దరూ ఎవరో ఎవరికీ తెలిసేది కాదు.

మేము కోరేది పెద్ద స్టేడియం కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల హాస్టళ్లు కలిసి ఆదివారం ఉదయం రెండు గంటలు కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, షటిల్ ఆడాలి. గోదావరి వరదలు తగ్గాక, దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి జనవరి చివరికి ముగించాలి. వానకు, తుఫానుకు పోయే వారాలు పోగా 12 ఆదివారాలు మిగిలినా చాలు. అందులో మంచి ఫలితాలు 8 లెక్కలోకి తీసుకోవాలి. ఊరికి వెళ్లినవాడికీ, జ్వరం పడినవాడికీ అన్యాయం జరగదు. ఓడినా ఆడినందుకు ఒక పాయింటు ఇవ్వాలి. పాయింట్ల పట్టిక ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద ఉండాలి. బాలికల హాస్టళ్లకు వేరే పట్టిక, అంతే గౌరవంతో ఉండాలి. ముగ్గులు, పాటలతో వారిని సరిపెట్టవద్దు.

చదువు పాడవుతుందని కొందరు పెద్దల భయం. పదో తరగతి వారికి ఫిబ్రవరి నుంచి పుస్తకాలు తప్ప మరో పని లేకుండా జనవరితోనే ముగించాలంటున్నాము. ఏడాదంతా ఓడుతూ గెలుస్తూ ఆడినవాడు ఒక యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే బెంబేలెత్తిపోడు. తర్వాతి పరీక్ష ఉందని వాడికి తెలుసు.

అన్నలూ, అక్కలూ! వార్షికోత్సవానికి మీరు వచ్చి శాలువాలు కప్పించుకుంటే మాకు సంతోషమే. అయితే ఈసారి జ్ఞాపికలకు అయ్యే డబ్బులో కొంత షటిల్ కాక్‌లకు, బంతులకు, బస్సు ఛార్జీలకు ఇవ్వండి. దగ్గరలో ఉన్నవారు నెలకు ఒక్క ఆదివారం వచ్చి విజిల్ పట్టండి. వార్డెన్ గార్లూ, పి.ఇ.టి. మాస్టార్లూ మా మాట ఆలకించండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఓడిన రోజున నెట్టు విప్పేయకండి. వచ్చే ఆదివారం మళ్లీ ఆడుదాం.