ముందు హీబ్రూ సంగతి అడగండి, తరువాత ఫీజు కట్టండి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంఘ పెద్దలకు, పాస్టరేట్ కమిటీలకు, బైబిల్‌లో పైచదువులు చదవాలనుకునే యువతీయువకులకు:

మన ఊళ్లలో సువార్త కూటాల ఫ్లెక్సీలు చూడండి. ప్రసంగీకుని పేరు ముందు ‘డాక్టర్’ లేని ఫ్లెక్సీ కనబడదు. వారిలో హీబ్రూ అక్షరాలు కూడబలుక్కొనైనా చదవగలిగేవారు ఎందరో మీరే అడగండి. తప్పంతా వారిదే కాదు. ఎక్కడ చదవాలో చెప్పేవారు లేక మన పిల్లలు కరపత్రం చూసి కాలేజీ ఎంచుకుంటున్నారు. (ఈ మాట చెప్పడానికి మేమూ కరపత్రమే వేశాం. నవ్వుకోండి.)

గోదావరిఖనిలో మా బంధువుల అబ్బాయి అట్లనే చేరాడు. తండ్రి సింగరేణి రిటైర్మెంట్ డబ్బులోంచి ఫీజు కట్టాడు. రెండేండ్లకు ఎం.టీహెచ్. అని రాసిన పట్టా చేతికొచ్చింది. దాంతో మరోచోట డాక్టరేట్‌కు పోతే, “డిగ్రీ ఇచ్చే అధికారం మీ కాలేజీకి ఎవరిచ్చారు?” అన్నారు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరూ డిగ్రీ ఇవ్వరాదని 1956 నాటి యూజీసీ చట్టం అంటుంది. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టిన సెరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఆ హక్కు ఇచ్చాడు. 1918లో బెంగాల్ చట్టం దాన్ని నిలబెట్టింది. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నై గురుకుల్ ఆ సెరాంపూర్ కాలేజీ సెనేట్ కిందివే. ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు వేరు. అది చదువు నాణ్యత గురించి చెబుతుంది, ప్రభుత్వం ఇచ్చిన అధికారం కాదు. రెండూ ఒకటేనని నమ్మబలికితే లేచి వచ్చేయండి.

కాగితం సరిగ్గా ఉన్నంతమాత్రాన చదువు సరిగ్గా ఉందని కాదు. పాత నిబంధన చదివేవారికి హీబ్రూ, కొత్త నిబంధన చదివేవారికి గ్రీకు ఎన్నేండ్లు నేర్పుతారో అడగండి. ‘రూఅహ్’ అనే ఒక్క హీబ్రూ మాటకు గాలి, ఊపిరి, ఆత్మ మూడర్థాలూ ఉన్నాయి. తెలుగులో ఏదో ఒకటే రాయాలి. అనువాదకుడు ఏది వదిలేశాడో తెలియనివాడు ప్రసంగం చేయగలడేమో గానీ, పాఠం చెప్పలేడు. పాత విద్యార్థుల థీసిస్‌లు చూపించమనండి. లైబ్రరీలో ఒక పూట కూర్చోండి. పుస్తకాల మీది దుమ్ము చాలా సంగతులు చెబుతుంది.

ఇది మనకు ఎందుకంత ముఖ్యమంటే, ఉట్నూరు, జైనూరు వైపు ఇండ్లలో మాట్లాడేది గోండి, కొలామి. 1943లో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయిలో గోండి పంతుళ్లను తయారుచేయడం మొదలుపెట్టింది, పిల్లలకు పాఠం ఇంటి భాషలోనే ఎక్కుతుందనే. బైబిల్ విషయంలో మనం ఆ మాత్రం ఆలోచించామా? ‘రూఅహ్’కు గోండిలో ఏ మాట సరిపోతుందో తెలుగు బైబిల్ చూసి తేల్చలేం. గోండి ఇంట పుట్టి హీబ్రూ నేర్చినవారే తేల్చాలి. అలాంటి ఒక్కరిని చదివించడం పది కూటాల ఖర్చు కంటే మేలని మా అభిప్రాయం.

అందుకే అడుగుతున్నాం: ప్రతి పాస్టరేట్ కోత పండుగ కానుకల్లో పదో వంతు పైచదువుల నిధికి తీసిపెట్టాలి. పాస్టరేట్లు కలిసి ఏటా ఒకరిని పంపాలి. ఒక ఏడు అబ్బాయిని పంపితే మరుసటి ఏడు అమ్మాయిని పంపాలి. 2013లో నంద్యాలకు పుష్పలలితమ్మ బిషప్ అయ్యాక కూడా ‘ఆడపిల్లకు ఎందుకు’ అనేవారికి మేం జవాబు చెప్పం. కమిటీ నుంచి ఇద్దరు స్వయంగా కాలేజీ చూసి వచ్చేదాకా రూపాయి కట్టవద్దు. చదువు ముగించినవారు మూడేండ్లు ఇక్కడే, ఈ రెండు జిల్లాల్లోనే బోధించాలి.

వచ్చే కోత పండుగ లెక్కలు చూసే రోజున ఈ మాట ఎత్తండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, చదివి వినిపించమని అడిగి మరీ ఇంటికి వెళ్లండి.

ఇట్లు,
ఈ రెండు జిల్లాల కొందరు సంఘస్థులు