చీమల చట్నీకి సిగ్గెందుకు?



"మీరు చీమలు తింటారంట కదా" అని హాస్టల్లో ఎవరైనా నవ్వితే మేం తల దించుకుంటున్నాం. ఎందుకు దించుకోవాలి? ఒడిశా మయూర్‌భంజ్ ఆదివాసుల ఎర్రచీమల చట్నీకి 2024 జనవరిలో జీఐ గుర్తింపు వచ్చింది. ఆకులు కుట్టి గూడు కట్టే ఆ చీమే మా జువాలజీలో ఈకోఫిల్లా స్మరగ్డినా. చైనా రైతులు 1,700 ఏళ్ల కిందటే దాని గూళ్లు తెచ్చి కమలా చెట్లకు కట్టేవాళ్లు. చెట్టును తినే పురుగుల్ని ఈ చీమలు తినేస్తయి. ఆస్ట్రేలియాలో జీడిమామిడి తోటల్లో కూడా పరీక్షించి చూశారు.

గూడు ఏ చెట్టు మీద కడతదో, ఎప్పుడు దించాలో, ఎంత వదిలెయ్యాలో మన పెద్దోళ్లకు తెలుసు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. అందులో మొక్కలే కాదు, పురుగులూ ఎక్కాలి, మన భాషలో పేర్లతో.

రాస్తే బయటోళ్లు ఎత్తుకుపోతారని కొందరి భయం. న్యాయమైన భయమే. అందుకే ఏది రాయాలో, ఏది దాచాలో గ్రామసభే తేల్చాలి. రాసే పని మాత్రం మనది. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినోళ్లం మనమే కదా. ఈ సెలవుల్లో తాతల దగ్గర కూర్చుందాం, నోట్‌బుక్ పట్టుకుని.