యుద్ధకాలమున వాద్యగోష్ఠి

ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా వేరొకడు చుట్టకు నిప్పడిగెనని సామెత. నగరములపై బాంబులు పడుచుండగా సంగీతసభలేలయని ప్రశ్నించువారి మనస్సులో నున్నది యీ సామెతయే. ఈ యాక్షేపణము తేలికగ త్రోసివేయదగినది కాదు. కాని ఉక్రెయినులో జరిగిన సంగతులను పరికించినచో దీనికి సమాధానము దొరకగలదు.

2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యాసేనలు ఆ దేశమంతటిపై దండెత్తినవి. రెండు వారములైనను నిండకమునుపే, మార్చి 9వ తేదీన, కీవు నగరపు స్వాతంత్ర్య చతుష్పథమున ఒక వాద్యబృందము బహిరంగముగ వాయించెను. ఆ నెలలోనే ఖార్కివు నగరమున వాద్యకారులు, జనులు తలదాచుకొన్న భూగర్భపు రైలుస్టేషనులో గోష్ఠి జరిపిరి.

ఖేర్సనులోనైతే సంగీతనాయకుడగు యూరి కెర్పతెంకో వాయించుటకు నిరాకరించెను. 2022 అక్టోబరు 1వ తేదీన సభ జరిపించి, తమ యేలుబడిలో నగరము సుఖముగ నున్నదని లోకమునకు చూపవలెనని ఆక్రమణదారులు తలచిరి. ఆయన సమ్మతింపలేదు. ఆయనను స్వగృహముననే కాల్చిచంపిరని ఉక్రెయిన్ సంస్కృతిశాఖ ప్రకటించెను. సంగీతము వట్టి వినోదమే యైనచో, ఒక సభకై ఆక్రమణదారులు పట్టుబట్టనేల? దానిని కాదని ఒక కళాకారుడు ప్రాణము లొడ్డనేల?

ఈ వైరము నిన్నమొన్నటిది కాదు. 1876లో జారుచక్రవర్తి రెండవ అలెగ్జాండరు ఎమ్స్ పట్టణమునుండి వెలువరించిన శాసనము, ఉక్రెయిన్ భాషలోని నాటకములనే కాక, స్వరముల క్రింద నచ్చువేయు సాహిత్యమును సయితము నిషేధించెను. ప్రసిద్ధ స్వరకర్త మికోలా లెయొంతోవిచ్ 1921లో సోవియటు రహస్యపోలీసుల యేజెంటు చేత హతుడయ్యెను.

ఇక పరదేశములందు, పగలు తమ తమ వృత్తులు చూచుకొని సాయంకాలము కూడి వాయించు ఔత్సాహిక బృందముల కర్తవ్యమేమి? జాతీయగీతము నొకసారి వాయించి, విరాళములు పోగుచేసినంతమాత్రమున చాలదు. విరాళము లవసరమే, కాని జాలి త్వరలో చల్లారును. సాధనచేసి నేర్చిన కృతి అంత త్వరగ మరపునకు రాదు. వాలెంతిన్ సిల్వెస్త్రోవు 1937లో కీవులో జన్మించెను. 2022 మార్చిలో, ఎనుబదినాలుగేండ్ల వృద్ధాప్యమున, బెర్లినుకు తరలిపోవలసివచ్చెను. ఆయన రచనలు రణభేరులు కావు; పెక్కు మెల్లగ, మౌనమునకు చేరువగ నడచునవి. ఆయన యేడవ సింఫనీని ఉక్రెయిన్ స్వేచ్ఛావాద్యబృందము ఆ వేసవిలోనే ఐరోపా, అమెరికా నగరములందు వినిపించెను. పెద్ద బృందములు చేసిన యీ పని చిన్న బృందములకును తగియున్నది.

ఎంతటి కరవు వచ్చినను, తెలిసిన రైతు విత్తనపు గింజలను వండుకొనడు. రేపటి పంట దానియందే యున్నదని యాతడెరుగును. తన దేశమే లేదనిపించ జూచువారి యెదుట, నేటి స్వరకర్తల కృతులు ఉక్రెయిను ప్రజలకట్టి విత్తనములు. వానిని నేర్చి వినిపించుట చుట్టకు నిప్పడుగుట కాదు. కాలుచున్న యింటినుండి గాదెలోని గింజలను బయటకు చేర్చుట.