ఒకరున్నారుగా!

"ఒక్కతేనా?" అని అడిగేదీ వాళ్ళే. మనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "ఒకరున్నారుగా, ఇంకెందుకమ్మా బెంగ?" అని ఓదార్చేదీ వాళ్ళే. రెండో బిడ్డ కోసం మూడేళ్ళు ఎదురుచూశాను కాబట్టి నాకు ఈ రెండు మాటలూ కంఠతా వచ్చు. ఇప్పుడు నాకు 44. ఆ ఎదురుచూపు ముగిసి అయిదేళ్ళయింది. అందుకే కాస్త నిదానంగా రాయగలుగుతున్నాను.

మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు 27. పెళ్ళయిన ఏడాదిలోపే నెల తప్పాను. ఏ మందూ మాకూ లేదు, ఏ గుడి చుట్టూ తిరగలేదు. రెండోదీ అంతే, మనం అనుకోవడమే ఆలస్యం అనుకున్నాం. ఫ్లాటు లోను, ఆయన బదిలీలు, అత్తయ్యగారి తుంటి ఆపరేషన్... ఏటికేడు "వచ్చే ఏడు చూద్దాంలే" అంటూ గడిపేశాం. తీరా ఇప్పుడు అనుకునేసరికి నాకు 36 నిండాయి.

మొదటి ఆరు నెలలు ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత క్యాలెండరు చూడాలంటేనే భయం పట్టుకుంది. ఒక్కరోజు ఆలస్యమైతే ఆశ, మర్నాడు నడుం నొప్పి మొదలైతే నీరసం. బాత్రూములో ఏడ్చి, మొహం కడుక్కుని, పిల్లకి బాక్సు కట్టిన ఉదయాలు ఎన్నో. ఎవరితో చెప్పుకోను? అసలు పిల్లలే లేనివాళ్ళ ముందు నా బాధ పెట్టడం సిగ్గనిపించేది. ఒకసారి ఆస్పత్రిలో స్కానింగుకి కూర్చుంటే పక్కనున్న అమ్మాయి "మీకెంతమందక్కా?" అంది. ఒక పాప అన్నాను. "అదృష్టవంతులు" అని తల తిప్పుకుంది. నేను ఎవరి అన్నమో లాక్కుని తింటున్నట్టు అనిపించింది. ఆమె బాధ నాకంటే పెద్దది, నేను కాదనను. కానీ పెద్ద బాధ ఒకటి ఉన్నంత మాత్రాన చిన్న బాధ అబద్ధం అయిపోదు కదా.

నేను బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని. ఎప్పుడో చూసిన ఒక మాట ఆ రోజుల్లో పదే పదే గుర్తొచ్చేది. ఒక్క కాన్పుతో ఆగిపోయిన స్త్రీని 'కాకవంధ్య' అన్నారు మనవాళ్ళు. కాకి ఒక్కసారే కంటుందని నమ్మకం కాబోలు. బిడ్డను కన్న తల్లికి కూడా వంధ్య అనే మాట తగిలించారన్నమాట! నిజానికి కాకి ఏటా గూడు కట్టి గుడ్లు పెడుతూనే ఉంటుంది. పైగా కోకిల పిల్లను కూడా తన పిల్లే అనుకుని సాకుతుంది. పాపం, మాట మాత్రం దాని మీద పడింది.

ఏడాదిన్నర దాటాక గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఒకసారి కన్నాం కదా, మనకేం లోపం ఉంటుందనే ధీమా. డాక్టరమ్మ వినగానే "35 దాటినవాళ్ళు ఆరు నెలలు చూసి వచ్చెయ్యాలమ్మా. ఏడాది ఆగమనేది చిన్న వయసు వాళ్ళకి" అన్నారు. ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాశయాల్లో పది ఇరవై లక్షల అండాలు ఉంటాయట. పెద్దమనిషి అయ్యేసరికి మూడు నుంచి అయిదు లక్షలు, 37 ఏళ్ళు వచ్చేసరికి సుమారు 25 వేలు మిగులుతాయట. కొత్తవి తయారు కావు. తగ్గేది లెక్క ఒక్కటే కాదు, నాణ్యత కూడా. అందుకే ఆ వయసులో గర్భం నిలవడం కష్టం, నిలిచినా పోయే ప్రమాదం ఎక్కువ. ఇది నేను చేసిన తప్పు కాదు, శరీరం లెక్క. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా నాకు 32 ఏళ్ళప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నాకు థైరాయిడ్, ఏఎంహెచ్, స్కానింగులు అన్నీ చేశారు. మావారిని పరీక్షకి రమ్మంటే మాత్రం "నాకెందుకు? పాప పుట్టిందిగా" అన్నారు. పదేళ్ళ కిందటి కళ్ళజోడు నంబరు ఇప్పుడు పనికొస్తుందా అని అడిగాను. నాలుగు నెలలు బతిమాలితే వచ్చారు. కౌంటు తక్కువ, కదలికా తక్కువ. అదే రక్తపరీక్షల్లో షుగరు కూడా బయటపడింది. ఆయన్ని అడిగే ఈ సంగతి రాస్తున్నాను. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వాళ్ళకి చేసే పరీక్షేమో సూది కూడా అక్కర్లేనిది. అయినా ముందు నెలల తరబడి సూదులు పొడిపించుకునేది మనమే.

అత్తయ్యగారికి తెలియకుండా టైలరు దగ్గరికనీ బ్యాంకుకనీ చెప్పి రోజు విడిచి రోజు స్కానింగుకి పరిగెత్తేదాన్ని. ఆవిడకి తెలియక కాదు. "ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు" అని అనేవారు. ప్రేమగానే అనేవారు, అందుకే ఎదురు చెప్పలేకపోయేదాన్ని. ఒకరోజు ఆవిడ పాప జాతకం ఎవరికో చూపించుకొచ్చారు. మూడో స్థానం తోబుట్టువులదట. అది బాగాలేదట. "పిల్ల జాతకంలోనే లేదమ్మా, ఇంక నువ్వేం చేస్తావు" అని నన్ను ఊరడించారు. నా మీద నింద తీసేశానని ఆవిడ ఉద్దేశం. హాల్లో హోంవర్కు చేసుకుంటున్న పిల్ల సంగతి మా ఇద్దరికీ గుర్తు లేదు.

నెల తర్వాత ఒక రాత్రి దుప్పటి కప్పబోతే అది అడిగింది. "అమ్మా, నా జాతకం చింపేస్తే తమ్ముడు పుడతాడా?"

అప్పుడు దానికి పదేళ్ళు. నా కాళ్ళ కింద భూమి కదిలిపోయింది. లేని బిడ్డ కోసం ఏడుస్తూ ఉన్న బిడ్డని ఎక్కడ నిలబెట్టానో ఆ రోజు తెలిసింది. నెల నెలా నా మొహం చూసి అది ఏం లెక్కలు వేసుకుందో! పిల్లలకి కారణం చెప్పకపోతే వాళ్ళే ఒక కారణం వెతుక్కుంటారు. చాలాసార్లు ఆ కారణం తామే అనుకుంటారు.

మర్నాడు మేమిద్దరం దాన్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాం. వయసుతో అండాలు తగ్గడం గురించి దానికి అర్థమయ్యే మాటల్లో చెప్పాను. దీంట్లో నీదీ నాదీ నాన్నదీ ఎవరి తప్పూ లేదన్నాను. అత్తయ్యగారితో కూడా మొదటిసారి గట్టిగా మాట్లాడాను. ఆవిడ బాధపడ్డారు, కానీ ఆ జాతకం మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాత మేం ఒక హద్దు పెట్టుకున్నాం. మూడుసార్లు ఐయూఐ, లేదా నాకు 39 నిండేవరకు, ఏది ముందైతే అది. మూడూ అయ్యాయి, ఫలించలేదు. ఐవీఎఫ్‌కి వెళ్ళలేదు. వెళ్ళేవాళ్ళని నేను తప్పుపట్టను, అది వాళ్ళ మనసు, వాళ్ళ శక్తి. హద్దంటూ ఉండటం మాత్రం నన్ను కాపాడింది. ముందే గీసుకోకపోతే "ఈ ఒక్కసారి" అన్న ఆశకి అంతు ఉండదు.

ఆగిపోయిన నెలలోనే తేలికపడ్డానని చెప్పను. అటక మీది పాప ఊయల మా పిన్ని కోడలికి ఇవ్వడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇంతకీ నేను చెప్పేది ఇదే. ముప్పైల చివర్లో రెండో బిడ్డ కోసం బెంగపడే ఆడపిల్లకి "ఒకరున్నారుగా" అనే మాట ఓదార్పు కాదు, నోరు మూయించడం. అలా దాచుకున్న బెంగ ఎక్కడికీ పోదు, ఇంట్లో ఉన్న ఆ ఒక్క బిడ్డ మీదే పడుతుంది. కాబట్టి ఈ దారిలో ఉన్నవాళ్ళు దయచేసి ఆరు నెలలకే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఇద్దరూ వెళ్ళండి. ఎక్కడ ఆగాలో ఇద్దరూ అనుకోండి. పెద్దబిడ్డకి నాలుగు మాటలు నిజం చెప్పండి. బయటివాళ్ళు ఎంతమంది అని లెక్క అడగడం మానేస్తే అదే పదివేలు.

మొన్న ఒక పెళ్ళిలో ఒకావిడ మా అమ్మాయిని చూసి "ఒక్కతేనా?" అంది. నేను నోరు తెరిచేలోగా అదే అందుకుంది. "అవునండీ, నేనొక్కదాన్నే. మీరు భోంచేశారా?"

ఆవిడ భోజనాల వైపు వెళ్ళింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.