మొదటి ఏడాది దూరం వెళ్లొద్దు

పసిపిల్లలతో సెలవులకు వెళ్లే తల్లిదండ్రులకు హోటల్ గదిలో ఎదురయ్యే ఇబ్బందులు తెలిసినవే. రాత్రి రెండింటికి పాలు వెచ్చబెట్టడానికి పొయ్యి ఉండదు. పిల్లవాడు గుక్కపెట్టి ఏడిస్తే పక్కగదివాళ్లు ఏమనుకుంటారోనని బెంగ. మూడోరోజు వచ్చేసరికి పిల్లలు పప్పన్నం కోసం పేచీ మొదలుపెడతారు. అందుకే బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు దంపతులకు, కారు వెనక తగిలించుకుని తీసుకుపోయే కారవాన్ మీదికి మనసు పోవడంలో వింతేమీ లేదు. పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, పిల్లల పక్కలు అన్నీ సొంతవే, అన్నీ వెంట వస్తాయి. అయితే కొత్తగా కొన్న ఉత్సాహంలో ముందు చేసే పని పటం ముందేసుకుని కార్న్‌వాల్‌కో స్కాట్లాండ్‌కో పదిరోజుల ప్రయాణం వేసుకోవడం. అది వద్దని చెప్పడానికే ఈ వారం ఈ మాటలు. బడి ఈడు రాని పిల్లలున్న ఇంట్లో, కారవాన్ కొన్న మొదటి ఏడాది ఇంటి నుంచి గంటన్నర దాటి వెళ్లకూడదు. వెళ్లినచోట కనీసం మూడు రాత్రులు కదలకుండా ఉండాలి. కారవాన్ వల్ల పిల్లలకు దక్కే సుఖమంతా అది ఆగి ఉన్నప్పుడే దక్కుతుంది. కదులుతున్నంతసేపూ అది పెద్దవాళ్లకు బరువు, పిల్లలకు నిర్బంధం.

నిర్బంధం అన్న మాట ఊరికే అనలేదు. రోడ్డు మీద నడుస్తున్న కారవాన్‌లో మనుషులు కూర్చోవడం బ్రిటన్‌లో చట్టవిరుద్ధం. పిల్లలు కారులోనే, బెల్టులు బిగించిన సీట్లలోనే ఉండాలి. 12 ఏళ్లు నిండేదాకానో, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకానో వాళ్లకు ప్రత్యేక సీటు తప్పదు. పాపాయిలను ఒకేబిగిన రెండు గంటలకు మించి కారు సీట్లో కూర్చోబెట్టవద్దని భద్రత తెలిసినవాళ్లు చెబుతారు. ఇప్పుడు బర్మింగ్‌హామ్ నుంచి కార్న్‌వాల్‌లోని న్యూకీ దాకా లెక్క వేసి చూడండి. రెండు వందల మైళ్ల పైచిలుకు దూరం. మామూలుగా కారులో నాలుగు గంటల ప్రయాణం. వెనక కారవాన్ ఉంటే మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు, విభజన లేని రోడ్డు మీద 50 మైళ్లు దాటకూడదు. మూడు లేన్లున్నచోట కుడివైపు లేన్‌లోకి వెళ్లకూడదు. ఎత్తులు, మలుపులు, రద్దీ అన్నీ కలిపితే సగటు 45 మైళ్లు వచ్చినా బాగా వచ్చినట్టే. అంటే అయిదు గంటల దారి. డైపర్లు మార్చడానికి, పాలు పట్టడానికి, పెద్దపిల్ల కాళ్లు సాగదీసుకోవడానికి మూడుసార్లు ఆగితే ఏడు గంటలకు చేరుతుంది. ఎండాకాలం శనివారాల్లో ఎమ్-5 మీద కొండవీటి చాంతాడంత వరస ఉంటే ఆ లెక్క కూడా నిలవదు. పైగా మోటార్‌వే సర్వీసుల్లో కారవాన్ ఆపే చోటు తరచు లారీల వైపు ఉంటుంది. అక్కడి నుంచి టాయిలెట్ దాకా ఒక పిల్లను చంకనేసుకుని, ఇంకొకణ్ణి చేత్తో పట్టుకుని, లారీల మధ్య నడవాలి. అదీ వానలో.

కారవాన్లు నిలిపే సైటుకు చేరగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పుడే మొదలవుతుంది. కారవాన్‌ను పిచ్ (మనకు కేటాయించిన జాగా) మీదికి వెనక్కి తీసుకోవాలి. కారు స్టీరింగ్ ఒకవైపు తిప్పితే కారవాన్ రెండోవైపు తిరుగుతుంది, ఇది ఒంటబట్టడానికి సమయం పడుతుంది. ఒకరు నడపాలి, ఒకరు వెనక నిలబడి దారి చూపాలి. మరి పిల్లల్ని ఎవరు చూస్తారు? కారవాన్ కదులుతున్నంతసేపూ, కారు నుంచి విడదీసేదాకా, పిల్లలు కారు సీట్లలోనే ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు. ఆ తర్వాత చక్రం కింద ర్యాంపు పెట్టి నేలకు సమం చేయడం, నాలుగు మూలల కాళ్లు దించడం, కరెంటు తీగ కలపడం, 40 లీటర్ల నీళ్ల పీపాను కుళాయి దాకా దొర్లించుకుపోయి నింపుకురావడం, టాయిలెట్ పెట్టెలో మందు పోయడం. అలవాటైనవాళ్లకు అరగంట, కొత్తవాళ్లకు గంట పైమాటే. గంట ప్రయాణం తర్వాత ఈ గంట పనిని పిల్లలు భరిస్తారు. ఏడు గంటల తర్వాత భరించరు. భరించాలని అడగడం న్యాయం కూడా కాదు.

ఇక రాత్రి సంగతి. కొత్తచోట మొదటి రాత్రి చిన్నపిల్లలు సరిగ్గా పడుకోరు. కప్పు మీద చినుకుల చప్పుడు, పలచని గోడలు, అలవాటులేని పరుపు. జూన్ నెలలో లండన్‌లోనే సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దగ్గర అస్తమించి తెల్లవారుజామున అయిదుకు ముందే వచ్చేస్తాడు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ వెలుతురు ఇంకా ఎక్కువ. ఏడున్నరకు పడుకునే పిల్లకు బయట మిట్టమధ్యాహ్నంలా కనబడుతుంటే నిద్ర ఎలా వస్తుంది? రెండో రాత్రికి కాస్త సర్దుకుంటారు, మూడో రాత్రికి అది వాళ్ల పక్క అవుతుంది. రోజుకో ఊరు చొప్పున తిరిగే ప్రయాణంలో ప్రతి రాత్రీ మొదటి రాత్రే. పెద్దవాళ్లు చూసిన ఊళ్ల జాబితా పెరుగుతుంది, ఇంటిల్లిపాదికీ నిద్ర కరువవుతుంది, ఆ నిద్రలేని తండ్రో తల్లో మర్నాడు టన్నున్నర బరువును లాక్కుంటూ రోడ్డెక్కాలి.

ఆ బరువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్తవాళ్లు పొరపడేది ఎక్కువగా ఇక్కడే. ప్రతి కారవాన్‌కూ తయారైనప్పటి బరువు ఒకటి, ఎక్కించిన సామానుతో కలిపి దాటకూడని బరువు ఒకటి ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడాయే మనం వేసుకోగలిగిన సామాను. చాలా కారవాన్లలో అది 150 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. కానీ కారవాన్‌ను చేత్తో తోయనవసరం లేకుండా రిమోట్‌తో కదిలించే మోటారు, దానికి కావలసిన బ్యాటరీ కలిపి 50 కిలోలు తినేస్తాయి. పక్కన వేసుకునే గుడారం, దాని కడ్డీలు మరో 20 కిలోలు. మిగిలినదాంట్లో పక్కబట్టలు, పిల్లల తొట్టి, ఎత్తు కుర్చీ, తోపుడుబండి, డైపర్ల కట్టలు, వానకోట్లు, బూట్లు. అప్పుడు మన వంటిల్లు వస్తుంది: పది కిలోల బియ్యం సంచి, కుక్కరు, పెనం, మిక్సీ, పచ్చడి సీసాలు. ఎక్కడికక్కడ చిన్నవే, కలిపితే పరిమితి దాటిపోతుంది. బరువైనవి వెనక బల్లల కింద సర్దితే కారుకు తగిలించే కారవాన్ ముక్కు తేలికై, రోడ్డు మీద పాములా ఊగడం మొదలవుతుంది. బరువు చక్రాల పైన, నేలకు దగ్గరగా ఉండాలి. ముక్కు మీద మొత్తంలో 5 నుంచి 7 శాతం పడాలి. నిండా సర్దిన కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం మించకుండా చూసుకోమని అక్కడి కారవాన్ క్లబ్బులు కొత్తవాళ్లకు చెప్పే సలహా. దగ్గరి ప్రయాణానికి ఇక్కడ కూడా లాభం ఉంది. మూడు రోజులకు బియ్యం సంచి అక్కర్లేదు, రెండు కిలోలు చాలు. మర్చిపోయినదేదైనా ఉంటే ఒకరు ఇంటికి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఆ ధైర్యం ఉంటే మనిషి తక్కువ సర్దుతాడు.

చట్టమే అనుమతిస్తుంటే ఈ భయాలెందుకని అడిగేవాళ్లుంటారు. నిజమే, 1997 జనవరి 1 తర్వాత కారు లైసెన్సు పొందినవాళ్లు బరువైన జోడీ నడపాలంటే విడిగా డ్రైవింగ్ పరీక్ష పాసు కావలసి వచ్చేది. 2021 డిసెంబరు 16 నుంచి ఆ అవసరం పోయింది. మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా లాగవచ్చు. ఇటీవలి దశాబ్దాల్లో అక్కడికి వెళ్లి లైసెన్సు తీసుకున్న మనవాళ్లందరికీ తలుపు తెరుచుకున్నది ఆ రోజే. కానీ పరీక్ష తీసేసినంత మాత్రాన పరీక్షించే రోడ్డు మారలేదు. పక్క అద్దాలు పొడిగించకుండా బయల్దేరితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. కారు తలుపు దగ్గరున్న బరువుల పలక మీద కారు, ట్రైలర్ కలిసిన బరువు అంకె లేకపోతే ఆ కారుతో లాగనే కూడదు. విద్యుత్ కార్లలో కొన్నింటికి అసలు అనుమతే లేదు. ఉన్నవాటికి కూడా కారవాన్ తగిలిస్తే ఒక చార్జీతో నడిచే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. చార్జింగ్ చోట్ల చాలావాటిలో కారవాన్ పట్టదు గనక విప్పి, పక్కన పెట్టి, చార్జి అయ్యాక మళ్లీ తగిలించాలి. కారులో ఇద్దరు పసిపిల్లలతో ఈ పని ఊహించుకోండి. క్లబ్బులు నడిపే శిక్షణ తరగతికి ఒకరోజు వెళ్లిరావడం, మొదటి ఏడాది దగ్గరి సైట్లతో చేయి తిరగనివ్వడం, ఈ రెండూ చేసినవాళ్లకు ఆ తర్వాత కార్న్‌వాల్ దారి సులువవుతుంది.

ఇంకో అభ్యంతరం బలమైనదే. ఇంటి పక్కన ఉండేదానికి ఇంత డబ్బు పోయడమెందుకు? కొత్త కారవాన్ 20 వేల పౌండ్లకు దిగువన దొరకడం కష్టం. బీమా, ఏటా సర్వీసు, టైర్లు అరగకపోయినా అయిదారేళ్లకు మార్చడం, ఇవి తప్పని ఖర్చులు. చాలా కొత్త కాలనీల్లో ఇంటి ముందు కారవాన్ నిలపకూడదన్న షరతు పత్రాల్లోనే ఉంటుంది గనక స్టోరేజీ అద్దె అదనం. ఇంత పెట్టినప్పుడు దేశమంతా చూడాలని అనిపించడం సహజం. అయితే లెక్క మైళ్లలో కాకుండా రాత్రుల్లో వేయాలి. పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ఏడాదిలో ఎన్ని రాత్రులు అందులో పడుకున్నారన్న దాన్నిబట్టే. దూరప్రయాణం ఏడాదికి ఒకటో రెండో కుదురుతుంది. గంట దూరంలో సైటు అయితే ముందురోజు అనుకుని కూడా వెళ్లిరావచ్చు. ఏడాదికి రెండుసార్లకు మించి వెళ్లడం కుదరదని ముందే తెలిసినవాళ్లు కొనకుండా అద్దెకు తీసుకోవడమే మేలు, ఆ విషయంలో అభ్యంతరం చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు.

కారవాన్ విహారానికి ఆద్యుడు పోయిన దారిని కొందరు గుర్తుచేస్తారు. విశ్రాంత నౌకాదళ వైద్యుడు, బాలల నవలా రచయిత గోర్డన్ స్టేబుల్స్ 1885లో బ్రిస్టల్‌లో ‘వాండరర్’ అనే బండి చేయించుకుని దక్షిణ ఇంగ్లండ్ నుంచి స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా వెళ్లాడు. కానీ ఆయన బండిని లాగింది రెండు గుర్రాలు, వాటిని చూసుకోవడానికి ఒక బండివాడు, పనులకు ఒక సేవకుడు ఉన్నారు, వేసవి అంతా ఆయన చేతిలో ఉంది. సోమవారం ఆఫీసుకు హాజరు కావలసిన తండ్రికి, రాత్రి డ్యూటీకి ఆసుపత్రికి వెళ్లవలసిన తల్లికి ఆ పోలిక చెల్లదు.

మన ఇళ్లకే చెందిన అభ్యంతరం మరొకటి ఉంది. ఆరునెలల విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వస్తారు, వాళ్లకు అన్నీ చూపించాలి కదా. చూపించాలి, కారవాన్‌తో మాత్రం వద్దు. అయిదు సీట్ల కారులో వెనక రెండు పిల్లల సీట్లు బిగిస్తే మధ్యలో మిగిలేది ఒక్కరికే, అదీ ఒదిగి కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిచేత ఆ సీట్లో నాలుగు గంటలు ప్రయాణం చేయించకూడదు. సైటు దగ్గర్లో ఉంటే తాతయ్య, నానమ్మ మరో కారులోనో రైల్లోనో పగటికి వచ్చి, మనవలతో గడిపి, రాత్రికి ఇంటికి వెళ్లి తమ పక్క మీదే పడుకోవచ్చు. ఎడిన్‌బరా కోట చూపించడానికి రైలు ఉంది.

దగ్గర్లో ఏముందని తీసిపారేయకూడదు. మాంచెస్టర్ వాళ్లకు పీక్ డిస్ట్రిక్ట్, లీడ్స్ వాళ్లకు యార్క్‌షైర్ డేల్స్, బర్మింగ్‌హామ్ వాళ్లకు మాల్వర్న్ కొండలు గంట, గంటన్నర దూరంలోనే ఉన్నాయి. క్లబ్బు సభ్యులకు అయిదే అయిదు కారవాన్లు నిలిపే చిన్న సైట్లు ఉంటాయి, 1960 నాటి చట్టంలోని మినహాయింపు కింద రైతులు తమ పొలాల్లో నడిపేవి. కంచె అవతల గొర్రెలు, ఇవతల ఒక కుళాయి, తడిసిన గడ్డి. మూడేళ్ల పిల్లకు ఆ కుళాయి దగ్గరే సగం పూట గడిచిపోతుంది. అట్లాంటిక్ సముద్రం చూపించలేదన్న లోటు ఆ వయసులో లేదు. చిన్న సైట్లలో ఒక్క జాగ్రత్త: కరెంటు 10 ఆంపియర్లే ఉండవచ్చు, అంటే 2,300 వాట్లు. ఇంట్లో వాడే 3,000 వాట్ల కెటిల్ పెడితే కరెంటు పోతుంది. 700 వాట్ల రైస్ కుక్కరు, చిన్న కెటిల్ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటే ఏ చిక్కూ లేదు. బొగ్గుల కుంపటిని మాత్రం ఆరిపోయిందనుకున్నాక కూడా గుడారంలోకి తేవద్దు, దాని విషవాయువుతో ప్రాణాలు పోయిన కుటుంబాలున్నాయి. ఆరేళ్లు నిండని పిల్లల్ని పై బంకు మీద పడుకోబెట్టవద్దు.

బడిలో చేరాక ఇంగ్లండ్‌లో సెలవు లేని రోజుల్లో పిల్లల్ని తీసుకువెళ్తే ఒక్కో బిడ్డకు, తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి, 80 పౌండ్ల జరిమానా పడవచ్చు. 21 రోజుల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. అప్పుడిక అందరూ వెళ్లే బడి సెలవుల్లోనే, హెచ్చు ధరకే వెళ్లాలి. మీ పిల్లలకు ఇంకా ఆ వయసు రాలేదు గనక మే, జూన్, సెప్టెంబరు నెలల్లో మంగళవారాలు, బుధవారాలు మీవి. సైట్లు ఖాళీగా, చవకగా ఉంటాయి. గంట దూరంలో ఒకటి చూసి మూడు రాత్రులకు ఇప్పుడే బుక్ చేసుకోండి. బయల్దేరే ముందు నిండా సర్దిన కారవాన్‌ను ఒక్కసారి వేబ్రిడ్జి ఎక్కించండి. కార్న్‌వాల్ సంగతి మొదటి ఏడాది గడిచాక చూసుకోండి.